నిఖాబ్‌తో పౌరసత్వ ప్రమాణం: జునేరా ఇషాక్ కేసును ఒక లాయర్ చదివితే

టొరంటో చుట్టుపక్కల ఇమ్మిగ్రేషన్ ప్రాక్టీసు చేసేవాళ్లకు ఇషాక్ కేసు తెలియనిది కాదు. అయినా మన తెలుగు జూనియర్లను అడిగితే చాలామంది "అది మతస్వేచ్ఛ కేసు కదండీ, చార్టర్ కింద గెలిచారు" అంటారు, అంటే కెనడా రాజ్యాంగంలోని హక్కుల పత్రం కింద అని. అది నిజం కాదు. జడ్జి చార్టర్ జోలికే పోలేదు. పౌరసత్వ నిబంధనల్లోని ఒక చిన్న క్లాజు మీద ఆ కేసు గెలిచింది. దేశమంతా మతం, స్త్రీ సమానత్వం, కెనడా విలువలు అని వాదులాడుకుంటుంటే, కోర్టు హాల్లో మాత్రం ఒక మాన్యువల్‌ను పక్కన పెట్టుకుని ఒక రెగ్యులేషన్ చదివారు. ముసుగు వివాదం ఏ దేశంలో వచ్చినా ఫైలు ఎలా తెరవాలో చెప్పడానికి ఇంతకంటే మంచి కేసు నాకు దొరకలేదు.

జరిగింది ఇది

జునేరా ఇషాక్ 2008లో పాకిస్తాన్ నుంచి కెనడా వచ్చి, మిస్సిసాగాలో ఉండేవారు. సున్నీ ముస్లిం, హనఫీ సంప్రదాయం. బయటికొస్తే నిఖాబ్ వేసుకుంటారు, కళ్లు తప్ప ముఖం కనబడదు. పౌరసత్వ పరీక్ష రాయడానికి వెళ్లినప్పుడు మహిళా అధికారి ముందు నిఖాబ్ తీసి, ముఖం చూపించి, గుర్తింపు తనిఖీ పూర్తి చేయించుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 2013 డిసెంబరులో దరఖాస్తు ఆమోదం పొందింది. ఇక మిగిలింది ప్రమాణం ఒక్కటే, 2014 జనవరి 14న రమ్మన్నారు.

ఆవిడ వెళ్లలేదు. ఎందుకంటే 2011 డిసెంబరు 12న అప్పటి ఇమ్మిగ్రేషన్ మంత్రి జేసన్ కెన్నీ ఒక కొత్త విధానం ప్రకటించారు. ప్రమాణం చేసేటప్పుడు ముఖం కనబడాలి. ముఖం కప్పుకున్నవాళ్లు ప్రమాణం సేపు దాన్ని తీసేయాలి. తీయకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు, ఇంకోసారి రమ్మంటారు. అప్పుడూ తీయకపోతే దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. పౌరసత్వ వేడుకలు ఎలా జరపాలో సిబ్బందికి చెప్పే శాఖ మాన్యువల్‌లో దీన్ని చేర్చారు. చట్టాన్ని సవరించలేదు, రెగ్యులేషన్‌నూ ముట్టుకోలేదు.

శాఖవాళ్లు ఒక సర్దుబాటు చెప్పారు: ముందు వరసలోనో చివరి వరసలోనో కూర్చోండి, ఎక్కువమందికి మీ ముఖం కనబడదు అని. ఆవిడ ఒప్పుకోలేదు. ప్రమాణం చేయించే పౌరసత్వ జడ్జి మగవాడు కావచ్చు, సిబ్బందిలో మగవాళ్లుంటారు, ఫోటోలు తీసేవాళ్లుంటారు. తన పద్ధతికి అది సరిపోదన్నారు. వేడుక వాయిదా వేయించుకుని ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఆమె తరఫు లాయర్లలో ఒకరు లోర్న్ వాల్డ్‌మన్, ఈ రంగంలో పెద్ద పేరు.

ముఖం అక్కడ ఏం పని చేస్తుంది?

ముసుగు కేసు ఏది వచ్చినా నేను మొదట అడిగేది ఇదే. ఈ గదిలో, ఈ నిమిషంలో, ముఖం చూడటం వల్ల ఏ పని జరుగుతుంది?

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు ఫోటోతో పోల్చడం ఆ పని. పరీక్ష హాల్లో ఒకరి బదులు ఇంకొకరు రాయకుండా చూడటం. క్రిమినల్ కోర్టులో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తడబడుతున్నారా లేదా జడ్జి చూడటం. ఇవన్నీ వేరువేరు పనులు, ఒకదాని జవాబు ఇంకోదానికి పనికిరాదు. చర్చల్లో మాత్రం అన్నీ ఒక్క ముద్దలో కలిపేస్తారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర మనవాళ్లలోనే ఒకతను నన్ను నిలదీశాడు: "అన్నా, ఎయిర్‌పోర్టులో తీసి చూపిస్తారు కదా, ప్రమాణం దగ్గర చూపిస్తే ఏం పోయింది?" ప్రశ్న న్యాయమైనదే. కానీ ఎయిర్‌పోర్టులో చూపించినందుకు సమానమైనది ఆవిడ ఇక్కడా చేశారు, పరీక్ష రోజునే. ప్రమాణానికి ముందు పక్క గదిలో మహిళా అధికారికి మళ్లీ చూపించడానికీ సిద్ధమే అన్నారు. అంటే గుర్తింపు అనే పని అప్పటికే అయిపోయింది. అయిపోయిన పని పేరు చెప్పి కొత్త షరతు పెడితే కోర్టులో నిలవదు.

మరి ప్రభుత్వం చెప్పిన పని ఏమిటి? నిజంగా ప్రమాణం పలికారో లేదో తెలియాలి, పెదవులు కదలడం కనబడాలి. వినడానికి బాగానే ఉంటుంది. హాల్లో పదుల మంది లేచి నిలబడి, జడ్జి చెప్పిన మాటల్ని ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ముక్క ముక్కగా తిరిగి పలుకుతుంటే, సిబ్బంది వరసల మధ్య నడుస్తూ పెదవులు చూస్తుంటారు. మన పెద్దవాళ్లు ఫ్రెంచి ముక్క వచ్చేసరికి గొణుగుతూ నెట్టుకొచ్చేస్తారు, ఎవరూ ఆపరు. పైగా ప్రమాణం చేశానని కాగితం మీద సంతకం కూడా పెట్టాలి. పలికినదానికి రాతపూర్వక సాక్ష్యం ఆ సంతకమే.

ఇంకో మాట. 2020లో కోవిడ్ వచ్చాక ప్రమాణాలు జూమ్‌లోకి మారాయి. ముందు ఒక్కొక్కరినీ విడి గదిలోకి తీసుకుని అధికారి కెమెరాలో ఐడీ చూస్తారు, పీఆర్ (శాశ్వత నివాస) కార్డును కత్తెరతో ముక్కలు చేసి చూపించమంటారు. తర్వాత అందరూ ఒకేసారి ప్రమాణం, మైకులు సాధారణంగా మ్యూట్‌లో. మా క్లయింటు ఒకాయన వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని, కార్డు తెగక కత్తెరతో కుస్తీ పడుతుంటే పక్కనుంచి ఆయన భార్య "ఇటివ్వండి, నేను కోస్తా" అనడం నాకు ఫోన్లో వినబడుతోంది. ఆ ప్రమాణాల్లో చాలావరకు అభ్యర్థుల గొంతు ఎవరికీ వినిపించలేదు. అయినా అవి చెల్లాయి.

కేసు గెలిచిన చోటు

పౌరసత్వ నిబంధనల్లో 17(1)(బి) అనే క్లాజు ఉంది. పౌరసత్వ ప్రమాణాన్ని పౌరసత్వ జడ్జి హుందాగా, గంభీరంగా చేయించాలి. మతపరంగా ప్రమాణం చేసినా, మతంతో పని లేకుండా దృఢవచనం చెప్పినా, అభ్యర్థికి వీలైనంత ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వాలి. ఆ స్వేచ్ఛ ఇవ్వాల్సింది జడ్జి. మాన్యువల్ ఏమో జడ్జికి ఆ అవకాశం లేకుండా చేసింది.

ఇది మన సెక్రటేరియట్ భాష తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చట్టం కింద రూల్స్ ఉంటాయి, రూల్స్ కింద జీవో, దాని కింద మెమో. రూలుకు విరుద్ధంగా మెమో ఇస్తే హైకోర్టులో ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇక్కడా అదే. మంత్రిగారికి ముఖాలు కనబడాలని ఉంటే రెగ్యులేషన్ మార్చుకోవాలి, లేదా పార్లమెంటుకు వెళ్లాలి. మాన్యువల్‌లో రాసేస్తే సరిపోదు.

ప్రభుత్వ లాయర్ల వాదనలో నాకు ఆసక్తిగా అనిపించింది రెండు. మొదటిది, ఈ కేసు తొందరపడి వేసింది, ఆవిడ ఇంకా ప్రమాణానికి వెళ్లలేదు, ఎవరూ కాదనలేదు అన్నది. రెండోది, ఆ విధానం తప్పనిసరి కాదు, మార్గదర్శకం మాత్రమే, జడ్జి కావాలంటే పక్కన పెట్టవచ్చు అన్నది. ఇలా అనడంలో తెలివుంది. మార్గదర్శకమైతే రెగ్యులేషన్‌తో గొడవే ఉండదు మరి. కానీ మాన్యువల్ భాష ఆదేశంలా ఉంది. మంత్రి ప్రకటన కూడా ఆదేశంలాగే ఉంది. వీటికి తోడు శాఖ అంతర్గత ఈమెయిళ్లు రికార్డులోకి వచ్చాయి. ముఖం చూపించడాన్ని తప్పనిసరి చేయాలన్నదే మంత్రి కోరిక అని, దానికి చట్టంలో ఆధారం ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి అని అధికారులు అర్థం చేసుకున్నట్టు వాటిలో ఉంది. ప్రభుత్వం మీద రిట్ వేసేవాళ్లు మీడియా మైకు ముందు గంట మాట్లాడే బదులు ఇలాంటి కాగితం ఒక్కటి సంపాదిస్తే చాలు.

2015 ఫిబ్రవరి 6న జస్టిస్ కీత్ బాస్‌వెల్ తీర్పు ఇచ్చారు. ఆ విధానం పౌరసత్వ జడ్జి విధికి అడ్డొస్తున్నంత మేరకు చెల్లదన్నారు. తీర్పులో ఒక ఉదాహరణ ఉంది, నాకు చాలా ఇష్టం. మౌనవ్రతం పాటించే సన్యాసి వస్తే? మాట రాని మనిషి వస్తే? నోటితో పలకడం కళ్లారా చూస్తేనే ప్రమాణం అంటే, వాళ్లకు "వీలైనంత ఎక్కువ స్వేచ్ఛ" జడ్జి ఎలా ఇవ్వగలరు? ముస్లిం అనే మాట లేకుండానే ఆ విధానంలోని లోపం బయటపడింది.

చార్టర్ ప్రశ్నలను అసలు తేల్చాల్సిన అవసరం లేదని జడ్జి వదిలేశారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని.

బయట జరిగిన రచ్చ

2015 అక్టోబరు 19న ఎన్నికలు. ప్రధాని స్టీఫెన్ హార్పర్ అప్పీలుకు వెళతామన్నారు. నిఖాబ్ స్త్రీ వ్యతిరేక సంస్కృతిలో పుట్టిందని పార్లమెంటులోనే అన్నారు. ప్రభుత్వం చేయించిన సర్వేలో 82 శాతం మంది ప్రమాణం దగ్గర ముఖం చూపించాలనే అన్నారు. ఆ 82 శాతంలో మనవాళ్లూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ముస్లిం కెనడియన్ కాంగ్రెస్ అనే సంస్థ 2009లోనే బురఖా, నిఖాబ్‌లను నిషేధించమని అడిగింది. ముసుగు ఆడవాళ్ల మీద రుద్దిన కట్టుబాటు అన్న వాళ్ల వాదనను నేను తేలిగ్గా తీసుకోను. బలవంతం మీద ముసుగు వేసుకునేవాళ్లు లేరని ఎవరూ అనలేరు. కానీ ఆ వాదన ఒప్పుకున్నా ప్రశ్న మిగిలే ఉంటుంది: బలవంతం జరుగుతోందని మీకు అనుమానం ఉన్న ఆడమనిషికి పౌరసత్వం ఆపేస్తే ఆవిడకు ఒరిగేదేంటి? పౌరసత్వం, ఓటు, సొంత పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి ఇంట్లో కాస్తయినా బలం పెరుగుతుంది.

ఇంతా చేసి ఆ విధానం వచ్చినప్పటి నుంచి నిఖాబ్ కారణంగా ప్రమాణం ఆగిపోయినవాళ్లు ఇద్దరని వార్తల్లో వచ్చింది. ఆ కాలంలో పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆరు లక్షలకు పైనే.

సెప్టెంబరు 15న ఫెడరల్ అప్పీలు కోర్టు ప్రభుత్వ అప్పీలును వాదనలు వినగానే బెంచి మీదనే కొట్టేసింది. ఆవిడ ఓటు వేయగలిగేలా త్వరగా తేలుస్తున్నామని కూడా చెప్పింది. సుప్రీంకోర్టుకు వెళ్లేదాకా స్టే ఇమ్మని ప్రభుత్వం అడిగితే అక్టోబరు 5న అదీ నిరాకరించింది. అక్టోబరు 9న ఇషాక్ ముందుగా మహిళా అధికారికి విడిగా ముఖం చూపించి, తర్వాత నిఖాబ్‌తోనే ప్రమాణం చేశారు. పది రోజుల్లో ఎన్నికలు. హార్పర్ ఓడిపోయారు, క్యూబెక్‌లో ఎన్‌డీపీ పార్టీ బాగా దెబ్బతింది, ఆ దెబ్బకు నిఖాబ్ నిషేధానికి వ్యతిరేకంగా ఆ పార్టీ నాయకుడు థామస్ మల్కేర్ తీసుకున్న వైఖరి కూడా ఒక కారణమని అప్పట్లో అన్నారు. ట్రూడో ప్రభుత్వం వచ్చాక నవంబరులో న్యాయశాఖ మంత్రి జోడీ విల్సన్-రేబోల్డ్ సుప్రీంకోర్టులో వేసిన అప్పీలు అనుమతి పిటిషన్‌ను వెనక్కి తీసుకున్నారు.

ఇరుకు దారిలో గెలుపు ఎంత గట్టిది?

ఇక్కడ నా తోటి లాయర్లలో కొందరితో నాకు పేచీ ఉంది. చార్టర్ మీద తీర్పు తెచ్చుకుని ఉంటే శాశ్వతంగా పరిష్కారం అయ్యేది, చిన్న క్లాజు మీద గెలిచి పెద్ద అవకాశం వదులుకున్నారు అని వాళ్లంటారు. అందులో కొంత నిజం ఉంది. ప్రభుత్వం 2015 జూన్‌లో బిల్లు సి-75 పెట్టింది, ముఖం చూపించాలన్న నియమాన్ని నేరుగా చట్టంలోకి ఎక్కించడానికి. ఎన్నికలు రావడంతో అది మురిగిపోయింది. పాసై ఉంటే ఇషాక్ తీర్పుకు కాళ్లు పోయేవి.

కానీ 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎన్.ఎస్. తీర్పు చూడండి. లైంగిక దాడి కేసులో ఫిర్యాదుదారు నిఖాబ్‌తో సాక్ష్యం చెబుతానన్నారు. ఏడుగురు జడ్జిలు మూడు దారుల్లో వెళ్లారు. చీఫ్ జస్టిస్ మెక్‌లాక్లిన్‌తో కలిపి నలుగురు సందర్భాన్ని బట్టి తూకం వేయాలన్నారు. ఇద్దరు సాక్షి ముఖం ఎప్పుడూ కనబడాల్సిందే అన్నారు. జస్టిస్ అబెల్లా, సాక్షి ఎవరన్నదే వివాదం లాంటి, ముఖం కేసుకు నేరుగా సంబంధించిన సందర్భాల్లో తప్ప తీయించకూడదన్నారు. అక్కడ ముఖానికి నిజంగా ఒక పని ఉంది, నిందితుడి జైలు శిక్ష దాని మీద ఆధారపడి ఉంటుంది. అలాంటి చీలిక ఉన్న కోర్టు ముందుకు చార్టర్ ప్రశ్న తీసుకెళ్లి నా క్లయింటును ఇంకో మూడు నాలుగేళ్లు పౌరసత్వం లేకుండా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. క్లయింటు వచ్చింది ప్రమాణం కోసం, చరిత్రలో పేరు కోసం కాదు.

చార్టర్ దారిలో వెళ్లినా ఎక్కడ ముగుస్తుందో యూరప్ చూపించింది. ఫ్రాన్స్ 2010లో బహిరంగ స్థలాలన్నిటా ముఖం కప్పుకోవడాన్ని నిషేధించింది. 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు, 150 యూరోల దాకా జరిమానా. 2014 జులై 1న ఎస్.ఏ.ఎస్. కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు భద్రత వాదననూ, స్త్రీ సమానత్వ వాదననూ పక్కన పెట్టింది. చివరికి "కలిసి బతకడం" అన్న ఒక్క కారణంతో 15–2 మెజారిటీతో చట్టాన్ని నిలబెట్టింది. ఆ కారణం ఎంత సాగుతుందో చెప్పడం కష్టం. 2020లో అదే ఫ్రాన్స్ ప్రజలందరినీ మాస్కు వేసుకోమంది, కలిసి బతకడానికి ఏ ఇబ్బందీ రాలేదు.

క్యూబెక్ కథ వేరే. అక్కడ 2017 అక్టోబరు 18న బిల్లు 62 పాసైంది. ప్రభుత్వ సేవ ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ ముఖం కనబడాలి. బస్సెక్కినా తీయాలా అన్న ప్రశ్నకు న్యాయశాఖ మంత్రి స్టెఫానీ వాలే ముందు ఒకటి చెప్పి, వారం తిరక్కుండా ఇంకోటి చెప్పారు. ముఖం ఏ పని చేస్తుందో ఆలోచించకుండా చట్టం రాస్తే ఇలాగే అవుతుంది. ముఖానికి సంబంధించిన ఆ సెక్షన్‌ను కోర్టులు రెండుసార్లు ఆపాయి. 2019 జూన్‌లో బిల్లు 21 తెచ్చినప్పుడు ఆ పాఠం నేర్చుకున్నారు: కొన్ని చార్టర్ హక్కుల్ని పక్కన పెట్టి చట్టం చేయనిచ్చే 33వ సెక్షన్ వాడి, మతస్వేచ్ఛ వాదన కోర్టులో నిలవకుండా ముందే కట్టుదిట్టం చేశారు. సేవ తీసుకునేవాళ్ల విషయంలో మాత్రం మాట మార్చారు. గుర్తింపుకో భద్రతకో అవసరమైనప్పుడు చూపించాలి అన్నారు. ఇష్టం ఉన్నా లేకపోయినా ఇది మెరుగైన డ్రాఫ్టింగే. 2024 ఫిబ్రవరిలో క్యూబెక్ అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని దాదాపు మొత్తంగా సమర్థించింది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు అప్పీలుకు అనుమతి ఇచ్చింది.

మన దగ్గర

హైదరాబాద్ పాతబస్తీలో ఎన్నికల డ్యూటీ చేసిన టీచరమ్మలకు ఇదంతా చెప్పనక్కరలేదు. పర్దా పాటించే ఓటర్లు ఎక్కువగా ఉన్న పోలింగ్ కేంద్రంలో గుర్తింపు చూడటానికి మహిళా పోలింగ్ అధికారిని పెట్టాలని, మరుగు ఏర్పాటు చేయాలని ఎన్నికల సంఘం హ్యాండ్‌బుక్కులోనే ఉంది. ముసుగు ఎత్తి చూపిస్తారు, జాబితాతో పోల్చుకుంటారు, వేలికి సిరా పెడతారు, అంతే. 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ పోలింగ్‌లో ఒక అభ్యర్థి స్వయంగా ఓటర్ల ముసుగులు ఎత్తించి కార్డులు చూడటం మీద కేసు నమోదైంది. ముఖం చూడకూడదని కాదు అక్కడ అభ్యంతరం. చూసే అధికారం పోలింగ్ అధికారిదా, అభ్యర్థిదా అన్నది. బాస్‌వెల్ తీర్పులోని ప్రశ్న కూడా ఒక రకంగా ఇదే: ఈ షరతు పెట్టే అధికారం నీకెవరిచ్చారు?

కర్ణాటక హిజాబ్ కేసు ముఖానికి సంబంధించింది కాదు, తలకు కట్టుకునే గుడ్డది. అయినా జూనియర్లు దాన్ని తరచూ ఇక్కడికి లాగుతారు. పెద్ద తేడా ఒకటుంది. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారమా కాదా అని పరిశీలించి, కాదంది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు చీలిపోయారు, జస్టిస్ ధూలియా ఆ పరీక్షే అక్కర్లేదన్నారు. కెనడాలో 2004 నాటి ఆమ్సెలెమ్ తీర్పు నుంచి మత పండితుల అభిప్రాయంతో పని లేదు, మనిషి నమ్మకం నిజాయితీగా ఉంటే చాలు. అందుకే ఇషాక్ ఫైల్లో ఖురాన్ వ్యాఖ్యానాల మీద యుద్ధం జరగలేదు. ఇండియాలో ఇలాంటి కేసు వాదించేవాళ్లు ఆ ఊబిలోకి దిగకుండా ముందు సర్క్యులర్ ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడటం మంచిది.

ఇప్పుడు నా ఆఫీసులో నిఖాబ్ వేసుకునే క్లయింటు ఫైలు ఉంటే, పరీక్షకూ ప్రమాణానికీ పిలుపు రాగానే శాఖకు రాతపూర్వకంగా తెలియజేస్తాం: మహిళా అధికారి కావాలి, విడి గది కావాలి, గుర్తింపు వేడుకకు ముందే పూర్తి చేయాలి అని. తీర్పు కాపీ జత చేయాల్సిన అవసరం చాలాసార్లు రాదు. రోజువారీ సిబ్బందికి ఇది రొటీన్. మాంట్రియల్ నుంచి వచ్చే క్లయింట్లకు మాత్రం రెండు ముక్కలు అదనంగా చెప్పాల్సి వస్తుంది. పౌరసత్వ ప్రమాణం ఫెడరల్ వ్యవహారం, నిఖాబ్‌తో చేయవచ్చు. మర్నాడు క్యూబెక్ హెల్త్ కార్డు కోసం కౌంటర్‌కు వెళితే గుర్తింపు కోసం తీయమంటారు, తీయాలి. బడిలో ఉద్యోగం కావాలంటే, ముఖం కప్పుకుని పనిచేయడం కుదరదు. 2025లో వచ్చిన బిల్లు 94 విద్యార్థులకు కూడా ముఖం కనబడాలన్న షరతు తెచ్చింది కాబట్టి, చదువుకునే ఆడపిల్లలున్న కుటుంబాలు ఊరు మారే ముందు ఆ సంగతి కూడా అడిగి తెలుసుకుంటున్నాయి.